ఎంతసేపు నడిచి ఆగింది?

ఎంత సెల్ఫ్ కొట్టినా అంటుకోని ఇంజిన్ కన్నా, అంటుకున్నట్టే అంటుకుని వెంటనే ఆగిపోయే ఇంజిన్ కారున్నవాళ్లను ఎక్కువ విసిగిస్తుంది. లోపం వెతికేవాళ్లకు మాత్రం రెండోదే మేలు. పెట్రోలు ఇంజిన్ రెండు సెకన్లపాటైనా తనంతట తాను తిరిగిందంటే చాలా సంగతులు అప్పటికే తేలిపోయినట్టు. బ్యాటరీ సెల్ఫ్ మోటారును తిప్పగలిగింది, సిలిండర్లలో కంప్రెషన్ ఉంది, టైమింగ్ బెల్టు తెగలేదు, ప్లగ్గులు మండించాయి, పెట్రోలు ఎంతో కొంత చేరింది. అనుమానించాల్సిన వాటిలో పెద్ద భాగం ఆ కాసేపట్లోనే జాబితాలోంచి పోయింది. మిగిలినవాటి సంగతి తేల్చడానికి బానెట్ ఎత్తకముందే వేసుకోదగ్గ ప్రశ్న ఒకటుంది: ఎంతసేపు నడిచింది, ఎలా ఆగింది? షెడ్డులో ఈ ప్రశ్న తక్కువగా వినిపిస్తుంది. పంపు మారుద్దామా, సెన్సర్ మారుద్దామా అన్న దగ్గరే మాట మొదలవుతుంది. కానీ ఈ రకం జబ్బులో అసలు సాక్ష్యం సెకన్లలోనే ఉంది.

ఎందుకంటే స్టార్ట్ కావడం, నడవడం అన్నవి రెండు వేరువేరు పనులు. మనకు ఒకదాని కొనసాగింపు ఇంకొకటిగా కనిపిస్తుంది గానీ, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, వాటిని వేరుగానే చూస్తుంది. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు ఇంజిన్ వేగం నిమిషానికి సుమారు 200 చుట్లు. అంత నెమ్మదిగా, కుదుపులతో లోపలికి పోయే గాలిని కొలిచినా ఆ లెక్కను నమ్మలేం. అందుకని చాలా కార్లలో ఈసీయూ ఆ కాసేపు గాలి కొలతను పక్కనపెట్టి, కూలెంట్ ఎంత వేడిగా ఉందో చూసి, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పెట్రోలు చిమ్మిస్తుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో 14.7 పాళ్ల గాలి కావాలి. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు కొంత గోడలకు తడిగా అంటుకుని ఆవిరి కాదు కాబట్టి పట్టికలో దాని పాలు బాగా పెంచి రాస్తారు. ఇంజిన్ అంటుకుని వేగం ఒక హద్దు దాటిన తర్వాత ఈసీయూ పట్టికను వదిలి కొలతల మీద ఆధారపడడం మొదలుపెడుతుంది. గాలిని కొలిచే సెన్సర్ అబద్ధం చెబుతుంటే ఆ అబద్ధం పనిచేయడం మొదలయ్యేది అప్పుడే. పెట్రోలు పంపు కథా ఇంతే. తాళం ఆన్ చేయగానే అది చాలా కార్లలో రెండు సెకన్లపాటు తిరిగి, పైపులో ఒత్తిడి నింపి ఆగుతుంది. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ చెబుతున్నంతవరకే ఈసీయూ దాన్ని నడవనిస్తుంది. ప్రమాదంలో పైపు తెగి ఇంజిన్ ఆగిపోతే పంపు రోడ్డు మీద పెట్రోలు పోస్తూ ఉండకూడదు గదా. అంటే బండి అంటుకునేది చాలావరకు నిల్వ ఉన్న ఒత్తిడితో, నడిచేది అప్పటికప్పుడు పంపు తోడిపోసేదానితో. మేడ మీది ట్యాంకులో నీళ్లుండగా బోరు మోటారు కాలిపోతే కుళాయి కాసేపు బాగానే వస్తుంది. ఇదీ అలాంటిదే.

ఈ విభజన కంప్యూటర్లతో వచ్చింది కాదు. ఇగ్నిషన్ కాంటాక్ట్ పాయింట్లతో నడిచిన పాత కార్లలో కొన్నింటికి ఇగ్నిషన్ కాయిల్‌ను 12 వోల్టుల కన్నా తక్కువ మీద పనిచేసేలా తయారుచేసి, మామూలు నడకలో కరెంటును బ్యాలస్ట్ రెసిస్టర్ ద్వారా పంపేవారు. సెల్ఫ్ లాగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎలాగూ పడిపోతుంది కాబట్టి ఆ కాసేపు రెసిస్టర్‌ను తప్పించి నేరుగా కాయిల్‌కు ఇచ్చేవారు. ఆ రెసిస్టర్ తెగిపోతే ఏమవుతుంది? తాళం తిప్పి పట్టుకున్నంతసేపూ ఇంజిన్ అంటుకుంటుంది, చెయ్యి వదిలి తాళం వెనక్కి రాగానే ఆగిపోతుంది. ఇవాళ్టి కార్లలో ఆ రెసిస్టర్ లేకపోయినా, ఇగ్నిషన్ స్విచ్ లోపల స్టార్ట్‌కు, నడకకు కాంటాక్టులు వేరు. నడక కాంటాక్టు అరిగిన బండి సరిగ్గా ఇలాగే చేస్తుంది. తాళం వదిలిన క్షణమూ ఇంజిన్ ఆగిన క్షణమూ ఒకటే అయితే ముందు చూడాల్సింది స్విచ్‌నే. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లు మనకు ఈ పరీక్ష లేకుండా చేశాయి. సౌకర్యం పేరుతో పోయిన చిన్న చిన్న ఆధారాల్లో ఇదొకటి.

పాత బండ్లలో ఇంకో ఆధారం కార్బ్యురేటర్. అంబాసిడర్‌లోనూ, తొలినాటి మారుతి 800లోనూ కార్బ్యురేటర్ పక్కన ఫ్లోట్ చాంబర్ ఉండేది, అందులో కాస్త పెట్రోలు ఎప్పుడూ నిల్వ ఉండేది. పంపు పూర్తిగా చెడినా ఇంజిన్ ఆ నిల్వ మీద అర నిమిషమో, ఇంకా పైనో నడిచి అప్పుడు ఆగేది. ఇంజెక్షన్ కారులో ఆ నిల్వ పైపులోని కాస్త ఒత్తిడి మాత్రమే, అది సెకన్లలో ఖాళీ. రెండు బండ్లకూ జబ్బు ఒకటే, పట్టిన సమయం మాత్రం వేరు. కాబట్టి సెకన్లు లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. ఆ బండిలో ఏది ఎంత నిల్వ ఉంటుందో తెలిసినప్పుడే ఆ లెక్కకు అర్థం వస్తుంది.

ఇక ఎలా ఆగిందన్నది. పెట్రోలు తగ్గి ఆగే ఇంజిన్ ఒక్కసారిగా ఆగదు. ఒత్తిడి పడేకొద్దీ మిశ్రమం పలచబడి, మిస్సింగ్ వచ్చి, తడబడి ఆగుతుంది. ఎంతసేపు నడుస్తుందన్నదీ ప్రయత్నానికీ ప్రయత్నానికీ మారుతుంది. కత్తితో కోసినట్టు, ప్రతిసారీ ఒకే వ్యవధికి ఆగిపోతుంటే అది కొరత కాదు, ఎవరో తీసుకున్న నిర్ణయం. ఆ ఎవరో సాధారణంగా ఇమ్మొబిలైజర్. తాళం చెవిలోని చిప్ సరైన సమాధానం ఇస్తేనే బండిని నడవనిచ్చే ఈ ఏర్పాటును జర్మనీ, బ్రిటన్ రెండూ 1998 నుంచీ కొత్త కార్లకు తప్పనిసరి చేశాయి. కొన్ని కంపెనీల కార్లలో చిప్‌ను గుర్తుపట్టకపోతే సెల్ఫ్ తిరగదు. ఫోక్స్‌వ్యాగన్ వంటివాటిలో ఇంజిన్ అంటుకుని, ఒకటి రెండు సెకన్లలో ఈసీయూ ఆపేస్తుంది. డాష్‌బోర్డు మీద తాళం గుర్తు మిణుకుమంటుంటే పంపు విప్పక్కర్లేదు, రెండో తాళం చెవితో ప్రయత్నిస్తే చాలు. కొరతే అనుకుంటే దానికీ ఖర్చులేని పరీక్ష ఉంది. స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి, వెనక సీటు కింద పంపు గుయ్యిమనడం వినాలి. మూడు నాలుగుసార్లు ఆన్, ఆఫ్ చేశాక స్టార్ట్ చేస్తే ఇంజిన్ మునుపటికన్నా ఎక్కువసేపు బతికిందంటే అనుమానం పంపు మీద, దాని రిలే మీద బలపడినట్టే.

ఆక్సిలరేటర్ నొక్కి పట్టుకుంటే బతికి, వదిలితే ఆగిపోయే బండ్లది మరో తరగతి. ఇక్కడే అన్యాయంగా మారే పార్టులు ఎక్కువ. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది, అంచున ఉన్న సన్నటి సందులోంచి వచ్చే గాలే ఇంజిన్‌కు ఊపిరి. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిర్లు ఆ అంచున నల్లటి జిగటగా పేరుకుంటాయి. సందు ఇరుకైనకొద్దీ ఈసీయూ థ్రాటిల్‌ను రవ్వంత ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. ఏళ్లతరబడి ఈ సర్దుబాటు సాగుతుంటే డ్రైవర్‌కు ఏమీ తెలియదు. ఒకరోజు బ్యాటరీ మారుస్తారు. కరెంటు పోగానే చాలా కార్లలో ఈసీయూ నేర్చుకున్నది మరిచిపోయి, థ్రాటిల్‌ను కొత్త కారుకు తెరిచినంతే తెరుస్తుంది. గాలి చాలక బండి అంటుకుని ఆగిపోతుంది. యజమాని కొత్త బ్యాటరీని తిడతాడు, బ్యాటరీ వేసినవాడు కారును తిడతాడు. కాలంలో ఒకదాని వెంట ఒకటి జరిగాయి కాబట్టి యజమాని తర్కం సహజమే, సగం నిజం కూడా. బ్యాటరీ మార్పు లోపాన్ని పుట్టించలేదు, ఏళ్లుగా దాచి ఉంచిన ముసుగును తీసింది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేసి, ఆ కారుకు చెప్పిన పద్ధతిలో ఐడిల్‌ను మళ్లీ నేర్పిస్తే సరిపోయే దానికి ఈసీయూ పోయిందని చెప్పడం దారుణం.

అయితే ఈ ఆక్సిలరేటర్ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు. ఎయిర్ ఫిల్టర్ దాటాక గాలిని కొలిచే సెన్సర్ ఉండి, ఆ తర్వాతి రబ్బరు గొట్టం చీలితే, కొలతకు అందని గాలి లోపలికి దూరి మిశ్రమాన్ని పలచబరుస్తుంది. ఐడ్లింగ్‌లో ఆ దొంగగాలి వాటా ఎక్కువ, రేజ్ చేస్తే మొత్తం గాలిలో దాని వాటా తగ్గుతుంది. కాబట్టి ఇక్కడా నొక్కితే బతుకుతుంది. రెంటినీ విడదీయాలంటే ఆ సెన్సర్ కనెక్టర్ ఊడదీసి చూడొచ్చు. ఈసీయూ అప్పుడు సొంత అంచనా మీద నడిపిస్తుంది, బండి నిలిస్తే దోషం సెన్సర్‌లోనో గొట్టంలోనో ఉన్నట్టు. గాలిని తూచకుండా మ్యానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి లెక్కగట్టే కార్లలో ఇదే చీలిక ఐడ్లింగ్‌ను పెంచుతుంది తప్ప సాధారణంగా ఆపదు. ఇక సైలెన్సర్ దారిలోని ఆక్సిజన్ సెన్సర్. దీన్ని మార్చమనే సలహా తరచుగా వినిపిస్తుంది. అది సుమారు 300 డిగ్రీల వేడెక్కితే గానీ నమ్మదగ్గ మాట చెప్పదు. చల్లటి ఇంజిన్ రెండో సెకనులోనే ఆగిందంటే ఈసీయూ అసలు దాని మాట వినడమే మొదలుపెట్టలేదు.

ఇంత ఆలోచన దేనికి, స్కానర్ తగిలిస్తే కోడ్ వస్తుంది గదా అంటారు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచీ, మన దేశంలో 2013 నుంచీ ఓబీడీ-2 అనే స్వీయ పరీక్ష ఏర్పాటు తప్పనిసరి కావడంతో ఈ అభిప్రాయం బలపడింది. స్కానర్ వద్దనడం మూర్ఖత్వమే. ఇమ్మొబిలైజర్‌నీ, తెగిన సెన్సర్ వైరునూ అది వెంటనే పట్టిస్తుంది. కానీ ఈసీయూ తాను చూడగలిగిందే చెబుతుంది. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ కార్లు చాలావాటిలో పెట్రోలు ఒత్తిడిని కొలిచే సెన్సరే ఉండదు, 3 నుంచి 4 బార్ల దాకా ఉండాల్సిన ఒత్తిడి ఒకటికి పడినా ఈసీయూకు తెలిసే దారి లేదు. పైగా చాలా స్వీయ పరీక్షలు పూర్తికావడానికి ఇంజిన్ కాసేపు నడవాలి. రెండు సెకన్ల జీవితంలో అవి మొదలే కావు. కోడ్ లేదంటే లోపం లేదని అర్థం కాదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ముప్పై ఏళ్ల అనుభవమున్న మెకానిక్ బండి పేరు వినగానే ఫలానా రిలే అంటాడు, పదిసార్లలో ఎక్కువసార్లు అదే అవుతుంది. దీన్ని అశాస్త్రీయం అనలేం. ఏ మోడల్‌లో ఏది తరచుగా పోతుందో తెలిసి ఉండడం గొప్ప సమాచారం, వెతుకులాట అక్కడే మొదలుకావాలి. చిక్కు ఆ మొదటి ఊహ తప్పాక వస్తుంది. వరసగా రిలే, పంపు, ప్లగ్గులు మార్చుకుంటూ పోతే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో చెప్పలేం, మధ్యలో వదులైన కనెక్టర్ ఒకటి కొత్త జబ్బును తెచ్చిపెడుతుంది. ఊహ అనుభవం నుంచి రావచ్చు, దాన్ని ఖాయం చేయాల్సింది మాత్రం మల్టీమీటరో ప్రెషర్ గేజో.

డీజిల్ బండిలో స్పార్కు లేదు కాబట్టి జాబితా ఇంకా చిన్నది, సెకన్ల సాక్ష్యం ఇంకా స్పష్టం. ఫిల్టర్ మార్చిన వెంటనే అంటుకుని, పది ఇరవై సెకన్లకు ఆగిందంటే ఎయిర్ పట్టిందని చాలామందికి తెలుసు. ఆ వ్యవధి ఎందుకంటే, ఫిల్టర్ తర్వాతి పైపులోనూ పంపులోనూ మిగిలి ఉన్న డీజిల్ అయిపోయి గాలి బుడగ చేరడానికి అంత పడుతుంది. కామన్ రైల్ ఇంజిన్‌లో, ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో ఒత్తిడి ఒక కనీస స్థాయికి, సుమారు 200 బార్లకు, చేరకపోతే ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. పెట్రోలు బండి సంగతికి భిన్నంగా ఇక్కడ ఒత్తిడిని కొలిచే సెన్సర్ తప్పక ఉంటుంది, ఆగిపోయే ముందు అంకె ఎలా జారిందో స్కానర్ తెర మీదే కనిపిస్తుంది. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పైపు స్థానంలో కాసేపు పారదర్శకమైన గొట్టం బిగిస్తే బుడగలు కంటికే తెలుస్తాయి. చేతి పంపుతో ఎయిర్ తీశాక ఈసారి బండి నిమిషం నడిచి ఆగిందనుకోండి, గాలి ఇంకా లోపలికి వస్తోందన్నమాట. అప్పుడు ఫిల్టర్ వాషరునూ ట్యాంకు వైపు జాయింట్లనూ వరసగా చూసుకుంటూ వెళ్లాలి.