ఆపరేషన్‌కు ముందు ఆస్పిరిన్: ఆపాలా? కొనసాగించాలా?

యాభై దాటిన ఉద్యోగుల ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర కనబడడం పరిపాటి అయింది. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం నుండి కోలుకున్నవారు దీనిని నిత్యమూ సేవిస్తుంటారు. అట్టివారికి పన్ను తీయించుకోవలసి వచ్చినా, హెర్నియా ఆపరేషన్ నిర్ణయమైనా ఇంటిల్లిపాదికీ ఒకటే సందేహం: ఈ మాత్రను ఆపాలా, కొనసాగించాలా? ఇరుగుపొరుగువారు తలా ఒక సలహా ఇస్తారు. మేము వైద్యులము కాము, యంత్రాల మధ్య ముప్పై ఏళ్లు గడిపినవారము. అయినా దేనినైనా ఆపేముందు అది ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవాలన్నది మా వృత్తి నేర్పిన పాఠం.

ఈ మాత్ర రక్తాన్ని పలుచన చేస్తుందని వాడుకలో అంటారు. నిజానికి అది చేసే పని వేరు. గాయమైనచోట రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానినొకటి అంటుకొని గండి పూడ్చుతాయి. ఆస్పిరిన్ వాటిలోని ఒక ఎంజైమును శాశ్వతంగా స్తంభింపజేసి ఆ అంటుకొనే గుణాన్ని తగ్గిస్తుంది. ఆస్పిరిన్ పనిచేసే తీరును 1971లో వెల్లడించిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ 1982లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు గనుక చెడిన ఎంజైమును అది తిరిగి తయారుచేసుకోలేదు. అందువల్ల మందు కొద్ది గంటలలోనే రక్తం నుండి తొలగిపోయినా, దాని ప్రభావం ప్లేట్‌లెట్ జీవితకాలమంతా, అంటే 7 నుండి 10 రోజుల వరకు నిలుస్తుంది. రోజుకు సుమారు పదోవంతు చొప్పున పాతవి పదవీ విరమణ చేయగా కొత్తవి విధులలో చేరుతుంటాయి. ‘వారం ముందు ఆపండి’ అనే మాట ఈ లెక్క నుండి వచ్చినదే.

ఆస్పిరిన్ గుండెకు మేలు చేయవచ్చునన్న ఊహకు ఆపరేషన్ తరువాతి రక్తస్రావమే ఒక ఆధారం కావడం గమనార్హం. టాన్సిల్స్ తీయించుకొని, ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ నమిలినవారికి రక్తం అధికంగా కారడాన్ని కాలిఫోర్నియా వైద్యుడు లారెన్స్ క్రావెన్ గమనించారు. ఈ గుణమే గుండెపోటును నివారించగలదని 1950 ప్రాంతంలో ఆయన ప్రతిపాదించారు. మేలూ కీడూ ఒకే గుణానికి రెండు ముఖాలన్నమాట.

మరి రెండింటిలో ఏది అధికం? 2014లో ఫలితాలు వెలువడిన పాయిస్-2 అనే పరిశోధనలో 23 దేశాలకు చెందిన 10,010 మంది పాల్గొన్నారు. గుండెకు సంబంధించని ఆపరేషన్లు చేయించుకున్న వీరిలో కొందరికి ఆస్పిరిన్, కొందరికి మందులేని మాత్ర ఇచ్చారు. 30 రోజులలో మరణం లేదా గుండెపోటు సంభవించినది ఆస్పిరిన్ వర్గంలో 7.0 శాతం మందికి, రెండవ వర్గంలో 7.1 శాతం మందికి. తీవ్ర రక్తస్రావం మాత్రం 3.8 శాతం నుండి 4.6 శాతానికి పెరిగింది. ఇది చూసి అందరూ ఆపవచ్చుననుకొంటే పొరపాటు. కొత్తగా స్టెంటు వేసినవారిని ఆ పరిశోధనలో చేర్చలేదు. పాత స్టెంటు వంటి చికిత్స పొందిన 470 మందిని విడిగా పరిశీలించి 2018లో ప్రకటించిన లెక్కలో, ఆస్పిరిన్ తీసుకున్నవారిలో మరణం లేదా గుండెపోటు 6.0 శాతం, తీసుకోనివారిలో 11.5 శాతం. అనగా ఒకరికి చెల్లిన సమాధానం మరొకరికి చెల్లదు.

ఆపరేషన్‌ను బట్టి కూడా నిర్ణయం మారుతుంది. పన్ను తీయడానికి, కంటి శుక్లం ఆపరేషన్‌కు సాధారణంగా ఆస్పిరిన్ ఆపరు. కొద్దిపాటి రక్తం చేరినా హాని కలిగే మెదడు, వెన్నుపాము ఆపరేషన్లకు సాధారణంగా ఆపిస్తారు. స్టెంటు వేసిన తొలి నెలలలో అందులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ గనుక, అత్యవసరం కాని ఆపరేషన్‌ను వాయిదా వేయడమే వైద్యుల ఆనవాయితీ. క్లోపిడోగ్రెల్‌కు లెక్క వేరు. ఈ రెండూ కలిసిన గొట్టం మాత్రలూ ఉన్నాయి గనుక చీటీ మాత్రమే కాక మాత్రల పట్టీని కూడా వైద్యునికి చూపడం మేలు.

మాకు తెలిసిన ఒక విశ్రాంత సహోద్యోగి పన్ను తీయించుకోవడానికి పొరుగింటి వారి మాట మీద పది రోజుల ముందే మాత్ర మానేశారు. ఆపనవసరం లేదని దంతవైద్యుడు తరువాత చెప్పారు. అంతకన్నా చింతించవలసిన విషయం, పన్ను తీసిన రెండు నెలల వరకు ఆయన మాత్రను తిరిగి మొదలుపెట్టలేదు. తెరవని పట్టీలు చూసి ఇల్లాలు నిలదీసిన తరువాతనే గుర్తుకు వచ్చింది.

విద్యుత్ లైను మీద పనిచేసేవారు ఎల్.సి. తీసుకోనిదే తీగ ముట్టరు. పని ముగిశాక ఎల్.సి. తిరిగి ఇచ్చిన తరువాతనే సరఫరా పునరుద్ధరిస్తారు. ఆస్పిరిన్ విషయంలోనూ ఇదే క్రమశిక్షణ అవసరం. ఆపరేషన్ తేదీ నిర్ణయమైన నాడే సర్జన్‌ను, మత్తు వైద్యుని, గుండె వైద్యుని అడిగి మూడు విషయాలు కాగితం మీద వ్రాయించుకోవాలి: ఆపాలా వద్దా, ఆపితే ఏ తేదీన, తిరిగి ఏ తేదీన మొదలుపెట్టాలి. ఆ కాగితం రోగి వద్ద కాక, రోగిని చూసుకొనేవారి వద్ద ఉండడం మరింత క్షేమం.