400 గుర్రాలు, 185 కిలోల పట్టు

అమెరికాలో 1977 నుంచి అత్యధికంగా అమ్ముడవుతున్న పికప్ ట్రక్ ఫోర్డ్ ఎఫ్-సిరీస్. అందులో ఎఫ్-150ని 5.0 లీటర్ల వీ8 ఇంజిన్‌తో తీసుకుంటే చేతికొచ్చేది 400 హార్స్‌పవర్. ఆ బండి రెండు రకాలుగా దొరుకుతుంది. ఒక రకంలో ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది, ఇంకో రకంలో వెనక రెండింటికే. రెండోది వేల డాలర్లు చౌక. టెక్సాస్‌లో తిరిగేవారికి దాంతో ఏ ఇబ్బందీ ఉండదు. మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో ఉన్నవారికి మాత్రం తొలి మంచు పడ్డ రోజే సందేహం మొదలవుతుంది: వెనక చక్రాలతో నడిచే ఈ బండితో శీతాకాలం గట్టెక్కుతుందా? గట్టెక్కుతుంది. అయితే గట్టెక్కించేది ఆ 400 గుర్రాలు కావు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ట్రక్కు, డ్రైవరు కలిపి 2,200 కిలోలనుకుందాం. ఇంజినూ క్యాబినూ ముందుంటాయి, వెనక ఉండేది ఖాళీ తొట్టి. అందుకే బరువులో సుమారు 58 శాతం ముందు చక్రాల మీద, 42 శాతం మాత్రమే వెనక చక్రాల మీద పడుతుంది. బండిని నడపాల్సిన చక్రాల మీద ఉన్నది 924 కిలోలే అన్నమాట. ఇక రోడ్డు సంగతి. పొడి తారురోడ్డు మీద రబ్బరుకు ఘర్షణ గుణకం 0.8 దాకా ఉంటుంది. బండ్ల కింద నలిగి గట్టిపడిన మంచు మీద అది 0.2కి పడిపోతుంది. ఐసు మీద 0.1, ఒక్కోసారి ఇంకా తక్కువ. 924ను 0.2తో గుణిస్తే 185. ఎంత పెద్ద ఇంజిన్ బిగించినా, మంచు మీద వెనక చక్రాలు బండిని ముందుకు తోసేది 185 కిలోల బరువుకు సమానమైన బలంతోనే.

ఇంజిన్ ఇవ్వగలిగింది ఎంతో కూడా చూడండి. దీని గరిష్ఠ టార్క్ 556 న్యూటన్-మీటర్లు. పది గేర్ల ఆటోమేటిక్‌లో మొదటి గేరు దాన్ని 4.7 రెట్లు పెంచుతుంది, వెనక యాక్సిల్ మరో 3.55 రెట్లు పెంచుతుంది. దారిలో పోయేది పోగా టైరు అంచు దగ్గర 2,000 కిలోల బలం సిద్ధంగా ఉంటుంది. మంచు తట్టుకోగలిగిన దానికి ఇది పది రెట్లు ఎక్కువ. యాక్సిలరేటర్‌ను కాస్త గట్టిగా తొక్కితే చాలు, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఆ వేడికి కింద మంచు కరుగుతుంది, కరిగిన నీరు మళ్లీ గడ్డకట్టి నున్నని ఐసవుతుంది. అంతకు ముందు 0.2 ఉన్న పట్టు ఇప్పుడు 0.1. ఇంకా తొక్కేకొద్దీ బండి ఇంకా కూరుకుపోతుంది.

బలమైన ఇంజిన్ వల్ల మంచులో చిక్కు ఇక్కడే ఉంది. చిన్న ఇంజిన్ బండిలో కాలు అరంగుళం ఎక్కువ కదిలినా పెద్ద నష్టం జరగదు. ఇందులో ఆ అరంగుళంలోనే వందల కిలోల తేడా ఉంటుంది. అందుకే తయారీదారు ‘స్లిపరీ’ మోడ్ అని ఒకటి పెట్టాడు. అది పెడలుకు ఇంజిన్ స్పందించే తీరును మెత్తబరుస్తుంది. మంచులో కదిలేటప్పుడు దాన్ని వాడండి. అది లేని పాత ట్రక్కులో వీలుంటే రెండో గేరులోనో మూడో గేరులోనో బయలుదేరండి. ఈ పది గేర్ల పెట్టెలో మూడో గేరు గుణకం 2.15. మొదటి గేరుతో పోలిస్తే చక్రానికి చేరే బలం సగానికన్నా తక్కువవుతుంది, కాలికి కాస్త వెసులుబాటు దొరుకుతుంది.

ఆ 42 శాతాన్ని 0.2తో గుణిస్తే మరో ఉపయోగకరమైన అంకె వస్తుంది: 8.4. మంచు నిండిన ఎత్తు మీద ఈ ఖాళీ ట్రక్కు ఎక్కగలిగిన వాలు సుమారు 8.4 శాతం, అంటే వంద మీటర్లు ముందుకెళ్లేలోగా ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు. ఎక్కేటప్పుడు బరువు కొంత వెనక్కి జరుగుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కుతుంది. మంచు లోతుగా ఉంటే అది టైర్లకు అడ్డుపడి ఆ లాభాన్ని తినేస్తుంది. ఐసు మీదైతే 4.2 శాతమే. అమెరికా ఇంటర్‌స్టేట్ రహదారుల మీద కొండ ప్రాంతాల్లో 6 శాతం వాలు మామూలే. నేల చదునుగా ఉండే డెట్రాయిట్ శివార్లలో ఈ అంకెతో రోజూ పని పడదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ సంగతి వేరు. అక్కడి వీధులు నీటి ఒడ్డు నుంచి నేరుగా కొండ మీదికి ఎక్కుతాయి. వాటిలో 10 శాతం దాటిన వాలులున్నాయి, ఏటా సగటున 2 మీటర్లకు పైగా మంచు కురుస్తుంది. ఖాళీ వెనక చక్రాల ట్రక్కు అక్కడ కొండ మధ్యలో ఆగిందంటే తప్పు డ్రైవరుది కాదు, లెక్కలోనే ఆ మిగులు లేదు.

తొట్టిలో బరువు వేస్తే సరిపోతుందని పాతకాలం నుంచీ ఒక సలహా ఉంది. సలహా మంచిదే. ఎంత మంచిదో కొలిచి చూద్దాం. అక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో శీతాకాలం రాగానే 27 కిలోల పొడవాటి ఇసుక సంచులు అమ్మకానికి పెడతారు. ఐదు వేస్తే 136 కిలోలు. సరిగ్గా వెనక ఇరుసు మీద పేర్చితే ఆ చక్రాల మీది బరువు 1,060 కిలోలవుతుంది, మొత్తంలో వాటి వాటా 42 నుంచి 45 శాతానికి పెరుగుతుంది. ఎక్కగలిగే వాలు 8.4 నుంచి 9.1కి చేరుతుంది. అంతే. మెరుగు ఉంది కానీ చాలామంది అనుకునేంత లేదు.

సంచులను ఎక్కడ పెట్టారన్నది మాత్రం చాలా ముఖ్యం. తొట్టి చివర, తలుపు పక్కన పడేస్తే వెనక బరువు ఇంకా పెరుగుతుంది, నిజమే. కానీ ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచినట్టు ఇక్కడా ముందు చక్రాలు తేలికవుతాయి. ముందు, వెనక ఇరుసుల మధ్య 3.7 మీటర్లున్న ఈ బండిలో వెనక ఇరుసుకు మీటరు దూరంలో 136 కిలోలు పెడితే ముందు నుంచి సుమారు 37 కిలోలు తగ్గుతాయి. స్టీరింగ్ తిప్పేది ఆ చక్రాలే, బ్రేకు భారం ఎక్కువగా మోసేవీ అవే. ఇసుకను చక్రాల గూళ్ల మధ్య పేర్చి గట్టిగా కట్టండి. కట్టని సంచి ప్రమాదంలో డ్రైవరు వీపు మీదికే దూసుకొస్తుంది. ఇసుకే ఎందుకంటే బండి ఇరుక్కుంటే ఒక సంచి కోసి చక్రాల ముందు చల్లుకోవచ్చు. తొట్టిలో పడిన మంచునే బరువుగా ఉంచేసుకునేవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది వేగానికి ఎగిరి వెనక వచ్చే బండి అద్దాన్ని కప్పేస్తుంది.

డిఫరెన్షియల్ గురించి ఒక్క మాట. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలమే పంపుతుంది. ఒకటి ఐసు మీద, ఇంకొకటి పొడి తారు మీద ఉన్నా రెండింటికీ దక్కేది ఐసు మీది చక్రం మోయగలిగినంతే. లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటే పొడి నేల మీది చక్రం బండిని బయటికి లాగుతుంది. కదిలిన వెంటనే లాక్ తీసేయాలి. పక్కకు వాలుగా ఉన్న మంచు రోడ్డు మీద లాక్ వేసి ఉంచితే రెండు చక్రాలూ ఒకేసారి జారి బండి తోక కాలువ వైపు వెళ్తుంది.

ఇంతవరకూ చూసింది బండి కదలడం గురించి. ప్రాణాలు పోయేది మాత్రం ఆగలేనప్పుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన క్షణం నుంచి పొడి రోడ్డు మీద 12 మీటర్లలో ఆగే బండి, గట్టిపడిన మంచు మీద 49 మీటర్లు, ఐసు మీద 98 మీటర్లు పోతుంది. అదే 80 కిలోమీటర్ల వేగంలో మంచు మీద 126 మీటర్లు. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా రాదు, ఇసుక సంచులు రావు, నాలుగు చక్రాల డ్రైవూ రాదు. బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి మంచులో రెట్టింపుకు పైగా చురుగ్గా వేగం పుంజుకుంటుంది, ఆగేది మాత్రం వెనక చక్రాల బండి ఆగినంత దూరంలోనే. సులువుగా కదిలింది కదా అని సులువుగా ఆగుతుందనుకోవడం చాలా ప్రమాదకరం.

ఆగడాన్ని, తిరగడాన్ని, ఎక్కడాన్ని ఒకేసారి మెరుగుపరిచే వస్తువు ఒక్కటే, వింటర్ టైరు. ఆల్-సీజన్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి వెళ్తే బిగుసుకోవడం మొదలవుతుంది. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది, దాని మీది సన్నని కోతలు మంచును కరిచిపట్టుకుంటాయి. పట్టు 0.2 నుంచి 0.3కి పెరిగిందనుకుందాం. 50 కిలోమీటర్ల వేగంలో ఆగే దూరం 49 నుంచి 33 మీటర్లకు తగ్గుతుంది. ఆ 16 మీటర్లు దాదాపు మూడు ట్రక్కుల పొడవు. ఇసుకతో కలిపితే ఎక్కగలిగే వాలు 13.6 శాతానికి చేరుతుంది. సంచుల వల్ల వచ్చిన 0.7 శాతం పక్కన దీన్ని పెట్టి చూస్తే డబ్బు ముందు ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసిపోతుంది.

కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు ఉన్న గుర్తు చూసుకోండి. 1999లో వచ్చిన ఆ గుర్తు మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకే వేస్తారు. ‘ఎం ప్లస్ ఎస్’ అన్న అక్షరాలు గాడుల ఆకారం గురించి చెప్పేవి మాత్రమే. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. బండిని నడిపేవి వెనక చక్రాలే కదా అని రెండే మార్చకండి. అప్పుడు వెనకవి పట్టుకుంటాయి, ముందువి మలుపులో తిరగవు. నాలుగూ మార్చాలి. గాలి కూడా చూసుకోవాలి. 20 డిగ్రీల ఎండలో 35 పీఎస్‌ఐ నింపిన టైరులో మైనస్ 20కి 28 మాత్రమే మిగులుతుంది.

మలుపుల్లో వెనక చక్రాల బండికి ప్రత్యేకమైన గండం ఒకటుంది. టైరు పట్టును తోయడానికీ, పక్కకు నిలబెట్టడానికీ పంచుకోవాలి. మలుపులో యాక్సిలరేటర్ నొక్కితే వెనక టైర్ల పట్టంతా తోయడానికే ఖర్చయి తోక బయటికి జారుతుంది. కాలు ఠక్కున తీసినా, గేరు ఒక్కసారిగా కిందికి వేసినా ఇంజిన్ వెనక చక్రాలను మాత్రమే పట్టి లాగుతుంది, జరిగేది అదే. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును పొడి రోడ్డు మీద 71 కిలోమీటర్ల దాకా తిప్పవచ్చు. మంచు మీద హద్దు 36. తోక జారితే పెడల్ నుంచి కాలు మెల్లగా తీసి, మీరు వెళ్లాల్సిన వైపే చూస్తూ స్టీరింగ్‌ను అటే తిప్పండి. అమెరికాలో 2012 మోడల్ నుంచి తేలికపాటి వాహనాలన్నిటిలో స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. దాన్ని ఆపేయకండి. ట్రాక్షన్ కంట్రోల్ ఆపాల్సింది బండి ఇరుక్కుని ముందుకూ వెనక్కూ ఊపి బయటపడాల్సి వచ్చినప్పుడు మాత్రమే. క్రూయిజ్ కంట్రోల్ మంచులో అసలు వాడకూడదు.

ఎక్కువ చలి ఉన్న రోజే ఎక్కువ ప్రమాదమని కొత్తవారు భయపడతారు. నిజానికి మైనస్ 20లో ఐసు పొడిగా ఉండి కొంత పట్టు ఇస్తుంది. సున్నా దగ్గర దాని మీద పల్చని నీటి పొర తేలుతుంది, అప్పుడే జారుడు ఎక్కువ. రోడ్డు ఉప్పు మైనస్ 9 దాకా బాగా పనిచేస్తుంది, ఆ కింద మంచు అలాగే గట్టిపడి ఉంటుంది. అమెరికా ఫెడరల్ హైవే విభాగం లెక్క ప్రకారం మంచు, ఐసు పట్టిన రోడ్ల మీద ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారు, లక్షా 16 వేల మందికి పైగా గాయపడుతున్నారు. ఏటా సగటున 5 మీటర్లకు పైగా మంచు కురిసే హౌటన్‌లోని మిషిగన్ టెక్‌కి, బఫెలో విశ్వవిద్యాలయానికి వస్తున్న తెలుగు విద్యార్థుల్లో చాలామంది స్టీరింగ్ పట్టుకున్నాకే తొలిసారి మంచు చూస్తున్నారు. వారి మీద ఉన్న ఆందోళనతోనే ఈ లెక్కలన్నీ. తొలి మంచు పడ్డాక ఒక ఆదివారం ఉదయం, అనుమతి ఉన్న ఖాళీ పార్కింగ్ స్థలంలో బండి ఎలా జారుతుందో, ఎంత దూరంలో ఆగుతుందో చూసుకుని తర్వాతే రోడ్డెక్కండి.

బండి మంచులో కూరుకుపోయి సాయం కోసం కూర్చోవాల్సి వస్తే ముందు పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వేయండి, ఇంజిన్‌ను గంటకు 10 నిమిషాలే నడపండి, కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి. గొట్టం మూసుకుపోతే లోపలికి చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇక కొనాలా వద్దా అంటే, డెట్రాయిట్, మినియాపోలిస్ లాంటి చదును ఊళ్లలో ఇప్పటికే ఈ ట్రక్కు ఉన్నవారు అమ్మేయనక్కర్లేదు. నాలుగు వింటర్ టైర్లు, ఇరుసు మీద ఐదు సంచుల ఇసుక, మెత్తని కాలు చాలు. డులూత్ కొండ మీదో, హౌటన్‌లోనో ఇల్లున్నవారు మాత్రం ఫోర్‌వీల్ డ్రైవే కొనండి, దానికీ వింటర్ టైర్లు వేయండి. టైర్లు మార్పించే పని అక్టోబరులోనే చూసుకోండి, మంచు పడ్డాక దుకాణాల ముందు క్యూ పెరుగుతుంది.