వాగు చీల్చని పల్లెను గోడ చీల్చింది

రాష్ట్ర సరిహద్దు మన ఊళ్ల పొలిమేరలను ఒరుసుకొని సాగడం పాఠకులకు కొత్త విషయం కాదు. అయితే ఊరి నడుమనే హద్దు ఏర్పడి, ఆ హద్దుపై గోడ లేచిన పల్లె ఒకటి జర్మనీలో ఉంది. దాని పేరు మోడ్లారాయిట్. జనాభా సుమారు 50 మంది మాత్రమే.

ఈ పల్లె మధ్యగా టాన్‌బాఖ్ అనే చిన్న వాగు పారుతుంది. 1810లో బవేరియా రాజ్యానికీ, రాయిస్ సంస్థానానికీ హద్దుగా ఈ వాగు వెంట రాళ్లు పాతారు. 1920లో రాయిస్ ప్రాంతం తురింగియా రాష్ట్రంలో కలిసింది. పాలకులు వేరైనా ఊరు ఒక్కటిగానే మెలగింది. రెండు ఒడ్డుల పిల్లలూ తురింగియా వైపు ఉన్న ఒకే బడిలో చదివారు. ప్రార్థనకు అందరూ బవేరియా వైపున ఉన్న టోపెన్ గ్రామ చర్చికి వెళ్లేవారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిన పిమ్మట బవేరియా అమెరికా అధీనంలోకి, తురింగియా సోవియట్ అధీనంలోకి పోయాయి. 1949లో పశ్చిమ, తూర్పు జర్మనీలు వేర్వేరు దేశాలయ్యాయి. దానితో దాటుకుంటే చాలు అనిపించే ఆ వాగు అంతర్జాతీయ సరిహద్దుగా మారింది!

తమ ప్రజలు పశ్చిమానికి తరలిపోకుండా తూర్పు జర్మనీ ప్రభుత్వం 1952లో ఇక్కడ చెక్క కంచె కట్టింది. 1966లో 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు గల కాంక్రీటు గోడ నిర్మించింది. తూర్పు వైపు వారు ఆవలి ఒడ్డున ఉన్న బంధువులకు చేయి ఊపడం సైతం నిషిద్ధం. అమెరికా సైనికులు ఈ పల్లెను 'లిటిల్ బెర్లిన్' అని పిలిచారు.

బెర్లిన్ గోడ తెరుచుకున్న నెల రోజులకు, 1989 డిసెంబరు 9న, ఇక్కడ కాలినడక దారి ఏర్పడింది. 1990 జూన్ 17న గోడలో అధిక భాగాన్ని కూల్చివేశారు. సుమారు 100 మీటర్ల గోడను మాత్రం భావితరాల కోసం మ్యూజియంలో భాగంగా నిలిపి ఉంచారు.

విశేషమేమంటే, దేశం ఏకమైనా నేటికీ ఈ పల్లె రెండు రాష్ట్రాలలోనే ఉంది. పిన్ కోడ్ వేరు, టెలిఫోన్ కోడ్ వేరు, వాహనాల నంబర్లు వేరు. ఒక ఒడ్డున 'గ్రూస్ గాట్' అని, మరొక ఒడ్డున 'గుటెన్ టాగ్' అని పలకరించుకుంటారు. అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. హద్దురాళ్ల నడుమ తరతరాలు కలిసి బ్రతికిన ఆ ఊరిని విడదీసినది రాకపోకలను, పలకరింపును నిషేధించిన శాసనమే. రెండు రాష్ట్రాల అంచున జీవించే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.