ఆఫ్రికా సరిహద్దులలో సొంత వాహనముతో

ఆఫ్రికా ఖండములో ఒక దేశమునుండి మరియొక దేశమునకు సొంత కారులో పోదలచినవారు మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు: సరిహద్దును దాటునది మనిషి మాత్రమే కాదు, అతని బండికూడ. పాస్‌పోర్టుమీద ముద్ర పడినంతమాత్రమున పని ముగియదు. ఇమిగ్రేషను కిటికీ విడిచి కస్టమ్సు కిటికీ చేరి, ఈ బండిని ఇచ్చట అమ్మననియు, గడువులోపల మరల వెలుపలికి తీసికొనిపోవుదుననియు వ్రాతపూర్వకముగ హామీ యిచ్చినగాని గేటు తెరువరు. కార్లమీద సుంకము మిక్కుటముగా నుండు దేశములలో, యాత్రికుల పేరిట వచ్చిన బండ్లు సుంకము ఎగవేసి అచ్చటనే అమ్ముడుపోవునేమో యను అనుమానము ప్రభుత్వములకు సహజము. ఈ కాగితముల తతంగమంతయు దానినుండి పుట్టినదే.

ఆ హామీకి పెక్కు దేశములలో చెల్లుబడియగు రూపము కార్నే యను పుస్తకము. దీనిని ఆయా దేశముల ఆటోమొబైలు సంఘములు ఇచ్చును. మనకు ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇచ్చుచున్నది. బండి విలువనుబట్టియు, పోదలచిన దేశములనుబట్టియు బ్యాంకు హామీయో రొక్కమో చూపవలెను. గడువు సాధారణముగ ఒక సంవత్సరము. అందలి ప్రతి పుటయు మూడు భాగములు: అడుగు భాగమును ప్రవేశించునపుడు కస్టమ్సు ఉద్యోగి చింపుకొనును, నడిమి భాగమును వెడలునపుడు చింపుకొనును, పై భాగము రెండు ముద్రలతో పుస్తకముననే నిలుచును. ప్రవేశపు ముద్రను ఎవరును మరువరు, అది లేనిదే బండి కదలదు గనుక. ఇంటిముఖము పట్టిన తొందరలో జారిపోవునది నిష్క్రమణపు ముద్ర. అది లేనిచో ఆ దేశపు లెక్కలలో బండి యింకను అచ్చటనే యున్నట్లు; నెలలు గడచిన పిమ్మట సుంకము చెల్లింపుమని సంఘమునకు తాఖీదు వచ్చును, సంఘము మీ హామీసొమ్ముమీద చేయి వేయును. రెండు ముద్రలును, తేదీలును కన్నులార చూచుకొనక కిటికీ విడువరాదని నేను గట్టిగా చెప్పుదును.

ఈజిప్టునకు కార్నే లేక గత్యంతరము లేదు. దక్షిణమున మాత్రము చాలచోట్ల తాత్కాలిక దిగుమతి పత్రముతో పని జరుగును. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా, లెసోతో, ఎస్వాతినీ దేశములు 1910లో ఏర్పడిన సుంకపు కూటమికి చెందినవగుటచే, అచ్చటి నెంబరుగల బండ్లకు వాని నడుమ ఇంత శ్రమయు ఉండదు. బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉద్యోగము చేయుచు సెలవులలో పిల్లలతో జాంబియా వైపు విక్టోరియా జలపాతము చూడబోవు తెలుగు కుటుంబమునకు అసలు పని రెండు దేశముల సరిహద్దునగల కజుంగుల యొద్ద మొదలగును. పూర్వమిచ్చట జాంబేజీ నదిని పంటుమీద దాటవలసివచ్చెడిది. లారీలు దినములతరబడి వరుసలో నిలిచియుండెడివి. 2021 మే నెలలో 923 మీటర్ల వంతెన ప్రారంభమయ్యెను. జింబాబ్వే నేలను తాకకుండుటకై అది నదిమీద వంపు తిరిగియుండును. ఇప్పుడు రెండు దేశముల తనిఖీయు, ఏ దేశములో ప్రవేశింతుమో ఆ దేశపు గట్టున ఒకే కార్యాలయములో జరుగుచున్నది. ఆఫ్రికాలో ఈ పద్ధతికి తొలి నమూనా 2009లో జాంబియా–జింబాబ్వేల నడుమ చిరుండు యొద్ద వెలసినది.

అయినను కిటికీలు అనేకము: దిగుమతి పత్రము, కర్బనపు పన్ను, రహదారి రుసుము, ఇన్సూరెన్సు. పత్రము చేతికి రాగానే అందలి ఛాసిస్ నెంబరును, ఇంజను నెంబరును రిజిస్ట్రేషను కాగితముతో అక్షరమక్షరముగ సరిచూచుకొనుడు. ఒక్క అంకె తప్పినను వెడలునాడు అది వేరొక బండి యగును. బండి బ్యాంకు అప్పుమీదనున్నను, ఇతరుల పేరనున్నను, యజమాని యిచ్చిన అనుమతిలేఖ తప్పనిసరి. మూడవవ్యక్తి ఇన్సూరెన్సునకు జాంబియా, జింబాబ్వే, మలావి, టాంజానియా, కెన్యా, ఉగాండాలలో కొమెసా యను వాణిజ్య కూటమివారి పసుపుకార్డు చెల్లును. పశ్చిమమున ఎకోవాస్ కూటమివారి గోధుమరంగు కార్డు కలదు. ఇవి ఎదుటివారి నష్టమునకేగాని మన బండికి రక్షణ కావు.

కార్యాలయపు వాకిటనే మెడలో ఏదో కార్డు వ్రేలాడదీసికొని, క్షణములో పని ముగించెదమని చుట్టుముట్టు దళారులుందురు. వారిలో నిజముగ సాయపడువారు లేకపోలేదు. కాని పాస్‌పోర్టును, రొక్కమును వారి చేత పెట్టరాదు. సొమ్ము కిటికీలోనే చెల్లించి రసీదు పుచ్చుకొనవలెను. ఆ రసీదులనే దారిలోని పోలీసులు అడుగుదురు.

రోడ్డునకు ఎడమప్రక్క నడుపు అలవాటు మనకు కెన్యా మొదలు దక్షిణాఫ్రికా వరకు ఉపకరించును. అయితే నమీబియానుండి అంగోలాలోనికిగాని, ఉగాండానుండి రువాండాలోనికిగాని అడుగిడిన క్షణమున కుడిప్రక్కకు మారవలెను. పచ్చజ్వరపు టీకా ప్రయాణమునకు పది దినములు ముందుగనే వేయించుకొనవలెను. 2016 నుండి ఆ పత్రము జీవితాంతము చెల్లుచున్నది. బోట్స్వానాలో పశువుల గాలికుంటు వ్యాధి భయముచేత పచ్చిమాంసమును కొన్ని గేట్లు దాటనీయరు; బూట్లను మందునీటిలో తడిసిన పట్టమీద అద్దుమందురు, చక్రములను మందునీటి గుంటలోనుండి పోనిమ్మందురు.

ఎల్లప్పుడును ఉదయముననే సరిహద్దు చేరుట మేలు. మూడు గంటలు పట్టినను జలపాతము చెంతనున్న లివింగ్‌స్టన్‌వంటి ఊరు వెలుగుండగనే చేరవచ్చును. చీకటిపడిన పిమ్మట కసానె, కజుంగుల, చిరుండు ప్రాంతములలో ఏనుగులు రోడ్డుమీదికి వచ్చును, వానిని దూరమునుండి పోల్చుకొనుటకు హెడ్‌లైట్ల వెలుగు చాలదు.