ఉత్తర సముద్రమున తిమింగల దర్శనము

ఐదవ తరగతిలో సముద్రమును గూర్చిన పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “సార్, తిమింగలమును మీరు చూసినారా?” అని యడిగెను. చూడలేదని చెప్పితిని. అతడు కూర్చుండెను. తరగతికి ఆ ప్రశ్న అంతటితో ముగిసినది గాని నాకు ముగియలేదు. ముప్పది సంవత్సరములుగా నేనా మాటను నల్లబల్లపై వ్రాయుచుంటిని. తిమి యను గొప్ప చేపను మ్రింగునది గనుక తిమింగలమనియు, అది చేపలలోకెల్ల పెద్దదనియు చెప్పుచుంటిని. మొదటి మాట నిఘంటువులో నున్నదే. రెండవది తప్పు. తిమింగలము చేప కాదు. ఈ తప్పును ఎందరు పిల్లలకు నేర్పితినో లెక్క లేదు. వారిలో కొందరు నేడు ఈ సంచికను చదువు తల్లిదండ్రులై యున్నారు. కావున ఈ వ్యాసమును నేను వారికి తీర్చవలసిన బాకీగా తలంచుచున్నాను.

మన బేతమంగళమునకు సముద్రము దూరము. పాలారునకు అడ్డముగా కట్టిన మన చెరువే మన పిల్లలెరిగిన గొప్ప జలరాశి. బంగారు గనులకు త్రాగునీరు పంపిన ఆ చెరువు గట్టున నిలిచి, అవ్వలి యొడ్డు కనబడని నీరు ఎట్లుండునో ఊహించుకొనుడని చెప్పుటయే ఇంతవరకు నా భూగోళ బోధన.

మా కుమార్తెయు అల్లుడును ఉద్యోగరీత్యా డెన్మార్కు దేశపు రాజధానియగు కోపెన్‌హాగెన్ నగరమున నివసించుచున్నారు. 2024వ సంవత్సరము మే మాసమున, వేసవి సెలవులలో, నేనును నా భార్యయు అచ్చటికి పోయితిమి. మనుమరాలికి ఏడేండ్లు. ఇంటిలో తెలుగు వినును గాని బదులు మాత్రము ఇంగ్లీషున చెప్పును. ఒకనాటి రాత్రి బొమ్మల పుస్తకము తెచ్చి నా ప్రక్కన కూర్చుండి, బొమ్మకొక తెలుగు మాట చెప్పుమనెను. ఆవు, ఏనుగు, చిలుక అనుచు తిమింగలము బొమ్మ యొద్దకు వచ్చితిమి. ఆ మాటను నాలుగైదు మారులు పలుకబోయి, పలుకలేక, “తాతా, ఇంత పొడుగు మాట ఎందుకు?” అని నవ్వెను. “అంత పొడుగు జంతువు గనుక” అంటిని. “నువ్వు చూసినావా?” అని యడిగెను. బేతమంగళములో విడిచి వచ్చితిననుకొన్న ప్రశ్న అచ్చటను ఎదురైనది. అల్లుడు అది విని, “మామగారూ, నాలుగు దినములు సెలవు పెట్టెదను, ఐస్లాండు పోయి వత్తము” అనెను.

ఐస్లాండు అట్లాంటిక్ మహాసముద్రపు ఉత్తర భాగమున నున్న ద్వీపము. కోపెన్‌హాగెన్ నుండి విమానమున మూడు గంటలకు పైగా ప్రయాణము. రాజధానియగు రేక్యవీక్ నగరమున ఒక రాత్రి యుండి, మరునాడు చిన్న విమానమున ముప్పావు గంటలో ఉత్తర తీరమందలి ఆకురేరీకి చేరితిమి. అచ్చటినుండి మోటారుకారులో గంటసేపు పోగా హూసవీక్ అను పల్లెపట్టణము వచ్చినది. జనసంఖ్య రెండున్నర వేలకు మించదు. 1907లో కట్టిన కొయ్య చర్చి, దాని దిగువ రేవు, రేవులో కొయ్య పడవలు, ఎదుట అఖాతము, ఆవలి యొడ్డున మంచు కరుగని కొండలు. ఆ అఖాతమునకు స్క్యాల్వందీ యని పేరు. భూమధ్యరేఖకు ఉత్తరమున 66 డిగ్రీల యొద్దనున్న ఊరగుటచే మే నెలాఖరున రాత్రి పదకొండు గంటలకును దీపము లేకయే పత్రిక చదువవచ్చును.

తిమింగలములు అచ్చటికే ఏల వచ్చును? దీని కారణము ఆ వెలుతురే. వేసవిలో ఉత్తర సముద్రములపై సూర్యుడు దాదాపు అస్తమింపడు. ఆ వెలుగున నీటియందు కంటికి కానరాని నాచు విస్తారముగా పెరుగును. దానిని తిని చిన్న రొయ్యల వంటి జీవులును, వానిని తిని చిన్న చేపలును వృద్ధి పొందును. స్క్యాల్వందీ అఖాతములో రెండు నదులు కలియుటచే ఆ నీరు మరింత సారవంతము. మనయూర కోత కాలమున కూలీలు కోత యున్న పల్లెకు వలస పోయినట్లు, తిమింగలములు వేసవిలో ఉత్తరమునకు వచ్చి కడుపార తిని క్రొవ్వు కూడబెట్టుకొనును. చలికాలమున వెచ్చని సముద్రములకు వేల మైళ్లు పోయి ఆ క్రొవ్వుతో నెలల తరబడి ఉపవాసముండును. పిల్లలను కనుట అచ్చటనే.

కనుట యంటిని గదా. ఇదియే నేను తప్పు నేర్పిన చోటు. చేప గ్రుడ్లు పెట్టును. తిమింగలము పిల్లను కని పాలిచ్చును. చేప మొప్పలతో నీటినుండి ప్రాణవాయువు గ్రహించును. తిమింగలమునకు మనవలెనే ఊపిరితిత్తులు గలవు. కావున గాలి కొరకు అది నీటిపైకి రాక తప్పదు. దాని ముక్కు తల నడినెత్తిన నుండును. చేప తోక నిలువుగా నుండి ప్రక్కలకు ఆడును. తిమింగలపు తోక అడ్డముగా పరచియుండి పైకిని క్రిందికిని ఆడును. ఈ గుర్తులను పిల్లలకు చెప్పినచో బొమ్మను చూచియే ఏది చేపయో ఏది కాదో చెప్పగలరు. అన్నింటిలో పెద్దదగు నీలి తిమింగలము ముప్పది మీటర్ల వరకు పెరుగును. భూమిపై పుట్టిన జంతువులలో దానికంటె బరువైనది ఉన్నట్లు తెలియదు. అయినను దానికి దంతములు లేవు. పై దవడనుండి వ్రేలాడు జల్లెడ వంటి పలకలతో నీటిని వడగట్టి ఆ చిన్న రొయ్యలనే తినును.

దంతములు గల జాతియు కలదు. స్పర్మ్ తిమింగలమను నది ఊపిరి బిగబట్టి ఒక కిలోమీటరు లోతునకు సాధారణముగను, అరుదుగా రెండు కిలోమీటర్ల వరకును మునుగును. నార్వే దేశపు ఆండెనెస్ అను రేవునుండి దానిని చూడబోవుదురు. ఇది చదివినప్పుడు నాకు మన చాంపియన్ రీఫ్ గని జ్ఞప్తికి వచ్చినది. అది మూడు కిలోమీటర్లకు పైగా లోతు. తిమింగలము దిగనంత లోతునకు మన తాతలు రాతిలో దిగి, పని చేసి, పైకి వచ్చి అన్నము తినిరి.

మొదటి దినము గాలి హెచ్చుగా నుండుటచే పడవలు పోలేదు. మనుమరాలు ఏడ్చెను. సముద్రమున ఇది సహజము గనుక, పోగోరువారు ఒక దినము ఎక్కువగా చేతనుంచుకొనవలెను. రెండవనాడు ఉదయము గాలి తగ్గినది. పడవవారు మెడనుండి పాదముల వరకు కప్పు దళసరి అంగీలిచ్చిరి. మే మాసమైనను సముద్రముపై చలి ఎముకలు కొరుకును. నా భార్య అందరకును అల్లపు మురబ్బా ముక్కలు పంచిపెట్టెను. వాంతి మాత్రల కంటె నాకదియే పని చేసినది.

ప్రయాణము మూడు గంటలు. అందు మొదటి గంటన్నర చూచినది నీరే. పడవ ముందుభాగమును గడియారములో పండ్రెండుగా భావింపవలెననియు, జంతువు కనబడిన దిక్కును గంటల లెక్కన పలుకుదుమనియు మార్గదర్శిని చెప్పెను. మూడు గంటలన్న కుడివైపు, తొమ్మిదన్న ఎడమవైపు. గడియారము నేర్చుకొను వయసు గనుక మనుమరాలికి ఈ ఆట నచ్చినది. ఎర్రముక్కు పఫిన్ పక్షులు నీటిపై ఎగురుచుండెను. వెదకవలసినది జంతువును కాదు, దాని శ్వాసను. అది ఊపిరి విడిచినప్పుడు ఆవిరి స్తంభము లేచును.

“రెండు గంటలు!” అను కేక వినబడెను. దూరమున తెల్లని పొగ వంటిది లేచి కరగిపోయెను. పడవ వేగము తగ్గించి మెల్లగా పోయి దూరముననే ఆగినది. తరుముట, చుట్టుముట్టుట అచ్చట తప్పుగా నెంతురు. యంత్రపు చప్పుడు తగ్గగనే కొలిమితిత్తి ఊదినట్లు ఒక పెద్ద నిట్టూర్పు. పిమ్మట నల్లని వీపు. అది వంగి, మధ్యభాగము ఎత్తుగా లేచి, దొర్లినట్లు మునిగినది. “ఎద్దు మూపురము మాదిరి ఉందే!” అని నా భార్య యనెను. అంతట తోక నీరు కారుచు పైకెత్తబడి, ఒక క్షణము నిలిచి, చప్పుడు లేక లోపలికి జారెను. అది పోయిన చోట నీరు నూనె పోసినట్లు నునుపుగా నుండెను. పదమూడు పదునాలుగు మీటర్ల జంతువట. తోక అడుగుభాగమున తెలుపు నలుపు మచ్చలుండుననియు, మన వ్రేలిముద్రల వలె ఒకదాని మచ్చలు వేరొకదానికి రావనియు, వాని ఛాయాచిత్రములతో శాస్త్రజ్ఞులు ఒక్కొక్క జంతువును గుర్తింతురనియు మార్గదర్శిని చెప్పెను.

మనుమరాలు కటకటాలు పట్టుకొని, “తిమిందలం! తాతా, తిమిందలం!” అని అరచుచుండెను. తప్పులు దిద్దుట నా వృత్తి. ఆనాడు దిద్దలేదు.

మధ్యాహ్నము ఆ యూరి తిమింగల మ్యూజియమునకు పోయితిమి. 1997లో స్థాపింపబడిన ఆ సంస్థ నేడున్న భవనము ఒకప్పుడు పశువధశాల. అందు 25 మీటర్ల నీలి తిమింగలపు అస్థిపంజరము కలదు. 2010లో తీరమునకు కొట్టుకొనివచ్చినదట. వేటను గూర్చిన గదియు అందున్నది. 1870 నాటికి నార్వేవాడగు స్వెన్ ఫోయిన్ ప్రేలుడు మందు గల ఈటెను సిద్ధపరచినది మొదలు ఎంతటి తిమింగలమునకును తప్పించుకొను దారి లేకపోయెను. నూనె కొరకును మాంసము కొరకును ఇరువదవ శతాబ్దమున దాదాపు 29 లక్షల తిమింగలములు చంపబడినవని శాస్త్రజ్ఞుల లెక్క. 1982లో అంతర్జాతీయ సంఘము వ్యాపారపు వేటను నిలుప నిర్ణయించెను. 1986 నుండి అది అమలునకు వచ్చెను. అన్ని దేశములును ఒప్పుకొనలేదు. ఐస్లాండే 2006లో మరల వేటకు దిగినది. అయినను మేము చూచిన మూపురపు జాతి అనేక సముద్రములలో తిరిగి వృద్ధి చెందినది.

ఆ పడవల కథయు మనము వినదగినది. అవి చేపలు పట్టుటకు కట్టిన ఓకు కొయ్య పడవలు. వానికి పని లేకపోగా పగులగొట్టనీయక బాగుచేసి, 1995 నుండి తిమింగలములను చూపుటకు నడుపుచున్నారు. 2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడిన పిమ్మట ఎన్ని ఇండ్లలో పొయ్యి చల్లబడెనో ఎరిగినవాడను గనుక ఆ రేవున చాలసేపు నిలిచితిని. బంగారము వేరు, తిమింగలము వేరు. వారి ఉపాయము మనకు అట్లే అమరదు. కాని ఒకనాటి పనిముట్టు వేరొక జీవనమునకు సాధనము కాగలదని కంటితో చూచుట మంచిదే.

ఇక భాష మాట. ఐస్లాండు జనాభా నాలుగు లక్షలకు లోపే. మన కోలారు జిల్లా జనాభాలో నాలుగవ వంతు మాత్రమే. అయినను వారి బడులు వారి భాషలోనే నడచుచున్నవి. కంప్యూటరునకు సంఖ్య యను మాటను, పూర్వపు సోదెకత్తె పేరును జోడించి ‘టోల్వా’ అనిరి. టెలిఫోనునకు దారమను అర్థము గల పాత మాటను వెలికి తీసి ‘సీమీ’ అనిరి. మేము చూచిన తిమింగలమును ‘హ్నూవుబాకుర్’ అందురు. వీపున మూపు గలదని అర్థము. పుస్తకము చూడకయే నా భార్యయు ఎద్దు మూపురమనెను గదా! వస్తువును చూచిన కంటికి తన భాషలో మాట దానంతట అదే దొరకును. చూడని పిల్లవానికి తిమింగలము పరీక్షలో వ్రాయవలసిన ఐదక్షరములే.

అందరును ఐస్లాండు పోజాలరు. మేమును అల్లుని దయచే పోయితిమి. శ్రీలంక దక్షిణ తీరమందలి మిరిస్సా రేవునుండి డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు నీలి తిమింగలములను చూపుదురు. అదియు భారమైనచో బంగారుపేటలో రైలెక్కి చెన్నపట్టణము పోవచ్చును. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియమున, 1874లో మంగళూరు తీరమున ఒడ్డున పడిన తిమింగలపు అస్థిపంజరము దాదాపు అరువది అడుగులది కలదు. దాని క్రింద పిల్లను నిలిపి ప్రక్కటెముకలు లెక్కింపుడు. అదియు వీలుగాని ఆదివారము తెల్లవారుజామున మన చెరువు గట్టుకు తీసికొనిపొండు. కొంగను, నీటికాకిని చూపి పేరు చెప్పుడు. తొందరపడక, చప్పుడు చేయక, దూరమున నిలిచి చూచుట అచ్చటనే అలవడును.

బడి తెరచిన పిమ్మట ఆ బాలుని పిలిచి, చూచి వచ్చితినని చెప్పితిని. “ఎంత పొడుగుంది, సార్?” అనెను. ఆవరణలో దారము పట్టి పదునాలుగు మీటర్లు కొలిచితిమి. ఐదవ తరగతి పిల్లలను తలకు పాదము తగులునట్లు వరుసగా పరుండబెట్టగా పదునొకండుగురు పట్టిరి. నీలి తిమింగలమునకు ముప్పది మీటర్లు కొలువబోగా దారము గేటు దాటి వీధిలోనికి పోయెను. పిల్లలును దానివెంట వీధిలోనికి పోయిరి.