సినిమా పేరున్న వీడియో గేమ్ పిల్లలకు తగినదేనా?

ఆసుపత్రికి రోగితోపాటు చాలాసార్లు పిల్లలు కూడా వస్తుంటారు. ఇంటి దగ్గర చూసుకునేవారు ఉండరు. డయాలసిస్ అంటే సుమారు నాలుగు గంటల పని. ఉద్దానం గ్రామాల నుంచి, పలాస, టెక్కలి, నౌపడ వైపు నుంచి వచ్చే కుటుంబాలకు రాకపోకలతో కలిపి రోజంతా గడిచిపోతుంది. అంతసేపు పసివాడు బెంచీ మీద కుదురుగా కూర్చోలేడు. చివరికి మీ సెల్‌ఫోన్ వాడి చేతికి వెళ్తుంది. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టవలసినది ఏమీ లేదు. రోగిని చూసుకుంటూ పిల్లవాణ్ణి కూడా చూసుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు.

అయితే వాడు ఫోనులో ఏమి ఆడుతున్నాడు? అడిగితే "మొన్న చూసిన సినిమా గేమే" అంటాడు. తెలిసిన హీరో బొమ్మ కనబడుతుంది. మనకు బెంగ తీరిపోతుంది. కాని సినిమా తెలిసినంత మాత్రాన ఆ గేమ్ తెలిసినట్టు కాదు.

సినిమా వేరు, గేమ్ వేరు

మన దేశంలో సినిమా విడుదలకు ముందు సెన్సార్ బోర్డు చూసి "యు", "యు/ఎ", "ఎ" అని సర్టిఫికెట్ ఇస్తుంది. 2024లో "యు/ఎ"ను 7, 13, 16 ఏళ్లు అని మూడు మెట్లుగా విడదీశారు. కాని ఈ బోర్డు వీడియో గేమ్‌లను చూడదు. కాబట్టి సినిమాకు "యు" వచ్చింది గనుక అదే పేరుతో వచ్చిన గేమ్ కూడా పిల్లలకు మంచిదే అనుకోవడానికి వీలు లేదు.

ఇంకొక తేడా ఉంది. సినిమాలో హీరో కొడతాడు, పిల్లవాడు చూస్తాడు. గేమ్‌లో కొట్టే మీట నొక్కేది పిల్లవాడే. సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. గేమ్‌కు చాలాసార్లు ముగింపే ఉండదు. సినిమా మనం పక్కన కూర్చుని చూస్తాం. గేమ్ వాడు ఒంటరిగా ఆడతాడు.

రెండు ఉదాహరణలు

"గజిని" తమిళంలో 2005లో వచ్చిన సినిమా. తెలుగులోకి డబ్ అయి మన ఊళ్లలోనూ బాగా ఆడింది. 2008లో హిందీలో తీసినప్పుడు, ఆ కథతో హైదరాబాదుకు చెందిన ఎఫ్‌ఎక్స్ ల్యాబ్స్ సంస్థ కంప్యూటర్ గేమ్ తయారుచేసింది. జ్ఞాపకశక్తి కోల్పోయిన మనిషి పగ తీర్చుకోవడం ఆ కథ. గేమ్‌లో ఆ పగ తీర్చే పని ఆడేవారిదే. దానిని 15 ఏళ్లు దాటినవారికని పంపిణీదారులే సూచించారు.

2017లో "బాహుబలి 2" విడుదలైన రోజుల్లో బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ సెల్‌ఫోనులో ఆడే "బాహుబలి" గేమ్ తెచ్చింది. మాహిష్మతి కోసం సైన్యాన్ని తయారుచేసి కాలకేయులను ఎదుర్కోవడం అందులో పని. గేమ్ ఉచితం. కాని త్వరగా బలపడాలంటే డబ్బు పెట్టి కొనే ఏర్పాటు ఉంది. లేదా ఎదురుచూడాలి, మళ్లీ మళ్లీ తెరవాలి.

మొదటిదానిలో చూడవలసినది హింస. రెండవదానిలో చూడవలసినవి సమయం, డబ్బు. "గేమ్ మంచిదా, చెడ్డదా" అని ఒక్క మాటలో అడిగితే జవాబు దొరకదు. దేనివల్ల ఇబ్బంది రావచ్చో విడివిడిగా చూసుకోవాలి.

వయసు అంకె చూడండి

ఫోనులోని ప్లే స్టోర్‌లో ప్రతి గేమ్‌కూ 3+, 7+, 12+, 16+, 18+ అని ఒక అంకె ఉంటుంది. తయారీదారులు ఒక ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులనుబట్టి ఈ అంకె వస్తుంది. 12+ అని ఉంటే ఏడేళ్ల బిడ్డకు ఇవ్వకండి. అక్కడే "ఇన్-యాప్ పర్చేజెస్" అని ఉంటే లోపల డబ్బుతో కొనే వస్తువులున్నాయని, "కంటెయిన్స్ యాడ్స్" అని ఉంటే ప్రకటనలు వస్తాయని అర్థం. ఈ అంకె గేమ్ ఎంత కష్టమో చెప్పదు. మీ బిడ్డకు ఎంత భయమో కూడా చెప్పదు. అది తెలిసినది మీకే.

హీరో బొమ్మ పెట్టుకుని, సినిమావారితో సంబంధం లేని గేమ్‌లు కూడా ఉంటాయి. తయారుచేసినవారి పేరు చూడండి. ఎవరో పంపిన లింకు నొక్కి గేమ్ ఎక్కించకండి.

పావుగంట మీరే ఆడి చూడండి

అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఇదే. ఆడటం రాకపోయినా ఫరవాలేదు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పమనండి. ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. గెలవాలంటే ఏమి చేయాలి? పరుగెత్తడమా, కట్టడమా, చంపడమా?
2. రక్తం, నరకడం, ఆడవారిని కించపరచడం వంటివి ఉన్నాయా?
3. మధ్యలో ఆపితే నష్టమని బెదిరిస్తోందా?
4. డబ్బు అడుగుతోందా? ప్రకటనల్లో పేకాట, పందేలు కనబడుతున్నాయా?
5. ముక్కూ మొహం తెలియనివారు మాట కలిపే వీలుందా?

నాలుగవ ప్రశ్న ముఖ్యమైనది. డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లో నిషేధించింది. 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మందులకు, రక్త పరీక్షలకు దాచిన సొమ్ము ఉన్న బ్యాంకు ఖాతా ఆ ఫోనుకే కలిపి ఉంటుంది. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్‌లో అమర్చుకోండి. పిన్ నంబరు పిల్లల ముందు నొక్కకండి.

ఒక చిన్న ఉపాయం: బిడ్డకు ఫోను ఇచ్చేముందు మొబైల్ డేటా ఆపేయండి. ప్రకటనలు, కొనుగోళ్లు, అపరిచితుల మాటలు చాలావరకు ఆగిపోతాయి. వార్డు నుంచి పిలిస్తే ఫోను మాత్రం మోగుతుంది. ఫ్లయిట్ మోడ్ పెడితే ఆ పిలుపు కూడా రాదు, జాగ్రత్త.

ఫిట్స్ ఉన్న పిల్లలు

1997 డిసెంబరులో జపాన్‌లో "పోకెమాన్" అనే టీవీ కార్టూన్ చూస్తూ వందలాది పిల్లలు అస్వస్థులై ఆసుపత్రులకు చేరారు. తెరపై ఎరుపు, నీలం వెలుగులు అతి వేగంగా మెరవడమే కారణం. ఫిట్స్ ఉన్నవారిలో కొద్దిమందికే ఇలా వెలుగులు పడవు. అయినా మీ బిడ్డకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే, మెరుపులు, పేలుళ్లు ఎక్కువగా ఉన్న గేమ్ ఇచ్చేముందు డాక్టరును అడగండి. ఆడుతుండగా ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టడంవల్ల ప్రయోజనం లేదు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఎంతసేపు?

రెండేళ్లలోపు బిడ్డకు ఫోను, టీవీ వద్దు. రెండు నుంచి అయిదేళ్లవారికి రోజుకు గంటకు మించరాదు, అది కూడా పెద్దల సమక్షంలో. అయిదు నుంచి పదేళ్లవారికి అన్ని తెరలూ కలిపి రెండు గంటల లోపే. ఇది పిల్లల వైద్యుల సంఘం సలహా. నిద్రకు గంట ముందు ఫోను తీసేయండి.

గేమ్‌లవల్ల పిల్లలు నేరస్థులైపోతారని భయపడవద్దు. 2020లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘం చెప్పినది ఇది: హింసాత్మక గేమ్‌లకు అరవడం, నెట్టడం వంటి దురుసుతనంతో కొంత సంబంధం ఉంది. కాని ఘోర నేరాలకు అవే కారణమనడానికి తగిన ఆధారం లేదు. భయపడటం కంటే గమనించడం మేలు.

ఎప్పుడు డాక్టరుకు చెప్పాలి?

ఆపమంటే ఆపలేకపోవడం, తిండి, బడి, స్నేహితులను వదిలి గేమ్‌నే పట్టుకోవడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం. ఇవి నెలల తరబడి సాగుతుంటే అది అల్లరి కాదు. సాధారణంగా ఏడాదిపాటు ఇలా ఉంటే దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది. 2022 జనవరి నుంచి అది అంతర్జాతీయ జబ్బుల పట్టికలో ఉంది. ఏడాది నిండేదాకా ఆగవద్దు. ముందే చెప్పండి. 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో సలహా పొందవచ్చు.

చివరిగా ఒక మాట. నాన్నకు సూదులు గుచ్చి యంత్రానికి కలపడం చూసిన బిడ్డ భయాన్ని బయటికి చెప్పడు. ఫోనులో తలదూర్చి దాన్ని మరిచిపోవాలని చూస్తాడు. గేమ్ ఎంత మంచిదైనా వాడి ప్రశ్నకు జవాబు చెప్పదు. పావుగంట తర్వాత ఫోను తీసుకుని, నాన్నకు ఏమి చేస్తున్నారో వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. చెప్పడం కష్టమనిపిస్తే మా నర్సులను అడగండి, సాయం చేస్తారు.

మీ రోగి త్వరగా కోలుకోవాలని, దేవుడు మీకప్పగించిన పసివారు క్షేమంగా ఎదగాలని ప్రార్థిస్తున్నాము.