పెట్టె బాగుపడితేనే.. పెళ్లి క్యాసెట్టు!

* వీసీఆర్లలో ఎండిపోతున్న కెపాసిటర్లు
* ముదరబెడితే బోర్డుకే ఎసరు

హొసకోటె: బీరువా పై అరలో వరుసగా పేర్చిన నల్లటి క్యాసెట్లు.. ఒకటి పెళ్లి, ఒకటి గృహప్రవేశం, మరొకటి మనవడి నామకరణం. హొసకోటె, కోలారు, ముళబాగిలు నుంచి అటు పలమనేరు, మదనపల్లె వరకు 1980, 90 దశకాల్లో కలుపుకొన్న సంబంధాలకు అవే సాక్ష్యం. వాటిలో నవ్వుతూ కనిపించే అవ్వాతాతలు చాలా ఇళ్లలో ఇప్పుడు లేరు. క్యాసెట్టు భద్రంగానే ఉంది. దాన్ని ఆడించాల్సిన వీసీఆరే మొరాయిస్తోంది. కొత్తది కొందామంటే వీల్లేదు. చివరిదాకా తయారు చేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో చేతులెత్తేసింది. ఉన్నదాన్ని బాగు చేయించుకోవడమే దిక్కు.

తంటా ఎక్కడ?
పాత వీసీఆర్లు, కెమెరాల్లో ముందుగా దెబ్బతినే వాటిలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ముఖ్యమైనవి. చిన్న డబ్బాల్లా ఉండే వీటిలో ద్రవం ఉంటుంది. కరెంటులోని ఎగుడుదిగుళ్లను ఇవి సర్దుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి ఆ ద్రవం ఎండిపోతుంది, లేదా కారిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. 105 డిగ్రీల వద్ద 2 వేల గంటలు పనిచేసే కెపాసిటర్ 65 డిగ్రీల వద్ద 32 వేల గంటలు ఆగుతుంది. చాలానే అనిపిస్తుంది కదూ! ప్లగ్గు తీయకుండా రాత్రింబవళ్లు స్టాండ్‌బైలో ఉంచితే ఆ గంటలు మూడున్నరేళ్లకే అయిపోతాయి.
1980ల చివరి నుంచి వచ్చిన చిన్న క్యామ్‌కార్డర్లలో బోర్డు మీదే అతికించే బుల్లి కెపాసిటర్లు వాడారు. కొన్నింట్లోంచి కారిన ద్రవం రాగి గీతలనూ తినేస్తుంది. కావియ పెట్టగానే చేపల వాసన కొట్టిందంటే చాలావరకు లీకయిందనే అర్థం.

గుర్తు పట్టేదిలా..
బొమ్మలో అడ్డపట్టీలు కదలడం, రంగులు పోవడం, ‘గుయ్’మనే శబ్దం, డిస్‌ప్లే మసకబారడం, స్విచ్చేస్తే టక్‌టక్‌మని ఆగిపోవడం.. ఇవి అనుమానించాల్సిన లక్షణాలు. పావుగంట వేడెక్కాక బొమ్మ కుదురుకుంటే కెపాసిటర్ మీద అనుమానం మరింత బలపడుతుంది. తెరంతా చుక్కలే వస్తుంటే మాత్రం ముందు హెడ్డు శుభ్రం చేయించాలి. దుమ్ము పట్టిన హెడ్డును వదిలేసి బోర్డు ఊడదీస్తే ఖర్చే తప్ప ఫలితం ఉండదు.
పైకి ఉబ్బకపోయినా కెపాసిటర్ చెడిపోయి ఉండొచ్చు. మామూలు మీటరు విలువ సరిగానే చూపిస్తుంది, లోపలి నిరోధం పెరిగింది మాత్రం పట్టుకోదు. అందుకే ఈఎస్ఆర్ మీటరు ఉన్న మెకానిక్కు దగ్గరకు వెళ్లడం మేలు.

మార్చేటప్పుడు..
సరకు ఖరీదైనది కాదు. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో ఎస్పీ రోడ్డు విడిభాగాలకు పెట్టింది పేరు. మైక్రోఫారడ్ విలువ పాతదే ఉండాలి. వోల్టేజీ అంతే ఉండాలి, ఎక్కువైనా ఫర్వాలేదు, తగ్గకూడదు. 105 డిగ్రీల రకమే అడగాలి. ప్లస్, మైనస్ తారుమారైతే కొత్తది పేలిపోతుంది. కారిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గీతలు తెగాయేమో చూశాకే కొత్తది వేయాలి.
తెలియనివాళ్లు మూత తీయొద్దు. 230 వోల్టుల కరెంటు పవర్ సప్లయిలో 300 వోల్టులు దాటుతుంది. ప్లగ్గు పీకేసినా పెద్ద కెపాసిటర్‌లో ఆ చార్జి కాసేపు నిలిచే ఉంటుంది. ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

మొదట ఏ క్యాసెట్టు?
బాగైన వీసీఆర్‌లో మొదటే పెళ్లి క్యాసెట్టు పెట్టేయకండి! పాత సినిమా క్యాసెట్టు ఒకటి అరగంట ఆడించి, టేపు నలగకుండా తిరుగుతోందని తేలాకే అసలుది వేయాలి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే ఆడించనే వద్దు. ఆ బూజు హెడ్డుకంటి తర్వాతి క్యాసెట్టునూ పాడుచేస్తుంది. దాన్ని ముందు శుభ్రం చేయించాలి.
బొమ్మ కుదిరిన మొదటిసారే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం తెలివైన పని. రెండోసారికి పెట్టె సహకరిస్తుందన్న భరోసా లేదు. ఎక్కించాక రెండు చోట్ల కాపీలుంచాలి. ఒకటి ఇక్కడ, ఒకటి సరిహద్దు అవతల వియ్యంకుల ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.
డిజిటల్‌లోకి మార్చని టేపులు 2025 తర్వాత శాశ్వతంగా చేజారొచ్చని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. కారణం టేపుల వయసు ఒక్కటే కాదు, ఆడించే యంత్రాలు, వాటిని బాగుచేసే చేతులు తగ్గిపోవడం కూడా. ఆ గడువు వచ్చేసింది. మూలన పడ్డ వీసీఆర్‌ను పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు ఒకసారి మెకానిక్కుకు చూపించండి.